ఏటి చేప

గుడి వెనకనుంచి అన్నానా, గుడి పక్కనుంచి అన్నానా. పక్కనుంచి అని ఉంటే ఇంకా ఫరవాలేదు. పక్కన ఏముంది, నున్నటి బండ, బండ మీద బురుజు, బురుజు మీద మావాళ్ళ కాపలా. కానీ వెనకనుంచి అనే అన్నాను. ఆ మాట తడి ఇంకా నాలుక మీద ఉంది. వాఘ్‌జాయి గుడి వెనకనుంచి. అని, నవ్వాను కూడా. అన్న కూడా నవ్వాడు. నా నవ్వు ఆగిపోయాక కూడా అన్న మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, పెళ్ళయి చుట్టాలు వెళ్ళిపోయినా విప్పని పందిరిలా. "అలాగా," అన్నాడు. తర్వాత, "మంచినీళ్ళు కావాలా గోదూ?" అన్నాడు. దాహం లేదన్నాను. అప్పటికీ నాకు తెలియలేదు.

డోలీని మారుతి గుడి అరుగు మీద దించారు. గుడి అంటే పెద్ద గుడేం కాదు, నిలబెట్టిన రాళ్ళ మీద ఒక పలక, పలక కింద సిందూరం పూసిన దేవుడు. కొండకి సగంలో ఉంటాడు. పైన కోటలో మేము, కింద చుట్టూ పాదుషా దండు, నడుమ ఈయన. దీపావళి వెళ్ళగానే వచ్చి కూర్చున్న దండు ఆషాఢం వచ్చినా లేవలేదు. ఫిరంగులు మోగుతూనే ఉంటాయి, అయినా మారుతి దగ్గర మాత్రం ఎవరూ ఎవరిమీదా చెయ్యెత్తరు. సంధి మాటలకైనా, శవాలు అప్పగించుకోవడానికైనా ఇక్కడికే వస్తారు. ఇవాళ నన్ను అప్పగించడానికి వచ్చారు. తొలిచూలు పుట్టింట్లోనే జరగాలని అన్న కింది నుంచి కబురు పంపితే, కోటకి కిల్లేదారైన మా మామగారు ఒక పూటంతా మీసం పట్టుకుని కూర్చుని, చివరికి "ఆడపిల్లని ఆకలికి బలివ్వడం ఏం పౌరుషం" అని ఒప్పుకున్నారు. కోట బోయీలు ఇక్కడిదాకా మోయాలి, ఇక్కడినుంచి పుట్టింటి బోయీలు భుజం పట్టాలి. అది పద్ధతి. పుట్టింటి బోయీలు ఇంకా రాలేదు. కింద వాగు పొంగిందట, దాటడానికి తాడు కడుతున్నారట. అందుకని అందరం కూర్చున్నాం. మా బోయీలు రాతి కింద గొంగళ్ళు కప్పుకుని ముడుచుకున్నారు. అన్న గుర్రం పక్కన నిలబడ్డాడు. తెర సందులోంచి నాకు అన్న చెప్పులు కనిపిస్తున్నాయి, బురదలో ఒకే చోట అటూ ఇటూ కదులుతున్నాయి.

మొదట అంతా మామూలుగానే జరిగింది. అన్న వచ్చి గొంగడి తెర పక్కకి తీసి నన్ను చూశాడు. నా పెళ్ళినాటికి రెండిళ్ళూ ఒకే రాజు ఉప్పు తినేవి. రాజు పోయి, కొత్త రాజు ఎక్కడో చెంజి కోటకి తరలిపోయాక అన్న పాదుషా కొలువులో చేరాడు, మా అత్తగారిల్లు చేరలేదు. అప్పటినుంచి చూడలేదు అన్నని. గడ్డంలో తెలుపు వచ్చింది. కళ్ళు మాత్రం అవే. నన్ను ఏడిపించబోయే ముందు ఎడమ కన్ను కాస్త చిన్నదవుతుంది, అదీ అలాగే ఉంది.

"ఏమిటే గోదూ ఇది. నువ్వు బిడ్డని మోస్తున్నావా, బిడ్డే నిన్ను మోస్తోందా? ఈ మెడ ఎముకల గుంటలో గిద్దెడు నూనె పొయ్యొచ్చు."

"నీ కళ్ళకి మసక. దండులో ఉండి ఉండి మనుషుల్ని చూడటం మరిచిపోయావు."

"మీ అత్తగారింట్లో పొయ్యి వెలిగిస్తున్నారా, ఫిరంగి పొగతోనే కడుపు నింపుతున్నారా?"

వెనకాల నిలబడ్డ జివాజీ కిచకిచ నవ్వాడు. జివాజీ మా పుట్టింటి మనిషి, నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని జాతరలకి తిప్పినవాడు. వాడి ముందు నవ్వులపాలయ్యేసరికి నాకు ఉక్రోషం వచ్చింది.

"కింద అందరికీ తెలుసులే," అన్నాడు అన్న. "పూటకి దోసెడు రాగి అంబలి. దాన్లోకి ఉప్పు కూడా లేదట."

అది నిజం. ఉప్పు ఎప్పుడు అయిపోయిందో కూడా గుర్తు లేదు. నిజం కాబట్టే ఒళ్ళు మండింది. నన్ను కాపురానికి పంపేటప్పుడు అమ్మ పసుపు చేతులతో నా గడ్డం పట్టుకుని ఒకటే మాట చెప్పింది, ఆ ఇంట్లో తిన్నా తినకపోయినా మా గడపలో అడుగుపెట్టేటప్పుడు తేనుస్తూ రావాలే. అత్తగారిల్లు ఆకలితో ఉందని పుట్టింటివాళ్ళకి తెలియడం కంటే తలవంపు ఇంకోటి లేదు. అదొక్కటే కాదు. ఇప్పుడు నిజం చెప్పుకోవాలంటే నాకు నేను తెలివైనదాన్నని కూడా అనిపించింది. కోటలో తిండి లేదని శత్రువు దండుకి తెలియకూడదు కదా. కడుపు నిండా తింటున్నామని చెబితే వీళ్ళు నీరుగారి గుడారాలు పీక్కుని పోతారు కదా. మామగారికి సాయం చేస్తున్నాననుకున్నాను. అత్తగారింటి పరువు, కోట రహస్యం, రెండూ నా కొంగున కట్టుకుని కాపాడుతున్నాననుకున్నాను.

"ఎవరు చెప్పారు నీకు? మా అత్తగారు నా వేవిళ్ళకి ఏటి చేప వండిపెట్టింది తెలుసా. ఒక్కసారి కాదు."

"ఏటి చేపా? కొండ కొమ్మునా?" ఎడమ కన్ను చిన్నదయింది. "మీ మామగారు రాతి దొనల్లో చేపలు పెంచుతున్నారా? లేక ఎండు చేప నీళ్ళలో నానేసి ఇదే ఏటి చేపమ్మా అని పెట్టిందా మీ అత్త? పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుందిలే."

ఆ పాపం అన్న మాట దగ్గర నేను పడిపోయాను. మా అత్తగారిని జాలిగా అనడానికి వీడెవడు.

"ఎండు చేపకి మొప్పలాడతాయా? తడి గుడ్డ విప్పితే తోక కొట్టుకుంటోంది. మా ధాకూ కోలీ పొద్దున్నే పట్టుకొచ్చేవాడు, వాఘ్‌జాయి గుడి వెనకనుంచి."

అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అనక్కరలేదు కూడా. పడమటి వైపు కొండ గోడలా నిలువుగా ఉంటుంది, అటువైపు ఉడుము కూడా ఎక్కలేదని కింద దండు అటు కాపలా పెట్టలేదు, మామగారూ అక్కడ దండుని పెట్టలేదు. ఆ అంచునే అమ్మవారి గుడి, దాని వెనక వాక్కాయ పొదలు, పొదల కింద బండలో ఒక చీలిక, చీలికలో ఒక తాడు. అది మా ఇంట్లోవాళ్ళకీ ధాకూకీ తప్ప తెలియదు. ఎవరికీ తెలియదు కాబట్టే దానికి, కొండలెక్కే కోలీ కులంవాడు, ధాకూ ఒక్కడే కాపలా. ఒక్క మనిషి, ఒక్క కత్తి, ఒక కుక్క. కుక్కని మొన్ననే ఎవరో కోసుకు తిన్నారు. ఎవరు తిన్నారో ఎవరూ అడగలేదు. చీలిక పైన గుడి, గుడి పక్కన ఆడవాళ్ళ ఇళ్ళు, మొదటి ఇల్లు మాది. అత్తగారు పొద్దున్నే గుమ్మం ముందు కూర్చుని లేని బియ్యంలో లేని రాళ్ళు ఏరుతున్నట్టు ఖాళీ చేట ఊపుతూ ఉంటుంది. అలవాటు, చేతులు ఊరుకోవు అంటుంది.

బిడ్డ కదిలింది. కుడి వైపు డొక్కలో మడమతో తన్నింది. ఊరుకో, ఊరుకో.

చిన్నప్పుడు కూడా ఇంతే. దాగుడుమూతలాడితే అన్న నన్ను వెతికేవాడు కాదు. పెరట్లో మధ్యన నిలబడి గట్టిగా, "గోదూకి దాక్కోవడం రాదు, అది ఆటలో అరటిపండు," అనేవాడు. నేను గాదె వెనక, గడ్డి మోపుల్లో, ఎక్కడుంటే అక్కడినుంచే "ఎందుకు రాదూ, వచ్చు" అని అరిచేదాన్ని. నవ్వుకుంటూ వచ్చి జడ పట్టుకు లాగేవాడు. ప్రతిసారీ. ప్రతిసారీ ఈసారి అరవను అనుకునేదాన్ని. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది, దీని కడుపులో మాట దాగదు, దీన్ని ఎవడికిస్తామో ఏమో అనేది. ఎవరికిచ్చారు, కోట ఉన్నవాళ్ళకిచ్చారు.

చేప గురించి మాట్లాడకుండా ఉండాల్సింది నేను. ఆ చేప గురించే నోరెత్తకూడని మనిషిని. నోటికి అన్నం సహించని రోజుల్లో నాకు ఏటి చేప మీద మనసు పోయింది. పులుసు కూడా కాదు, నిప్పుల మీద కాల్చిన చేప, వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ తినాలని. అనకూడదనుకుంటూనే అత్తగారితో అన్నాను. చూలాలి కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డ చొంగ కారుస్తుందని ఆవిడ వెంటనే ధాకూని పిలిచింది. ధాకూ తాడు పట్టుకుని దిగి, పొదలమాటున ఏటికి పోయి, నడుముకి తడిగుడ్డలో చేప కట్టుకుని ఎక్కి వచ్చాడు. మోకాళ్ళు గీరుకుపోయి నెత్తురు. "పెద్దమ్మా, బాగా కడుగు, నా చెమట వాసనొస్తే కోడలమ్మ తినదు," అన్నాడు. అత్తగారు తలుపు వేసి కాల్చింది. తలుపు వేసుకుని నేను తిన్నాను. కానీ వాసనకి తలుపుంటుందా. పక్కింటి ముక్త గుమ్మం దాకా వచ్చి నిలబడింది. దానికీ నెలలే, నాకంటే నెల ముందే. దాని మొగుడు తూర్పు బురుజు మీద కాపలా, పుట్టింటివాళ్ళు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో. "వదినా, అగ్గి ఉందా?" అని అడిగింది తలుపు అవతలినుంచి. అగ్గి కోసం రాలేదని నాకూ తెలుసు, దానికీ తెలుసు. నా నోటినిండా చేప ఉంది. అత్తగారు, "పొయ్యి ఆరిపోయిందే," అంది. ముక్త కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. దాని అడుగులు వినిపిస్తుండగా నేను ముల్లు చీకాను. ఆ తర్వాత మళ్ళీ తెచ్చాడు ధాకూ, మళ్ళీ తిన్నాను, ఇంకోసారీ. ముక్త మళ్ళీ అగ్గికి రాలేదు. దొన దగ్గర ఎదురుపడితే నేనే మొహం తిప్పుకునేదాన్ని. అలా తలుపు వేసుకుని తిన్నదాన్ని తీసుకొచ్చి ఇక్కడ అన్న ముందు పళ్ళెంలో పెట్టి ఊరేగించాను. సిగ్గుపడాల్సిన దాంతో గొప్పలకి పోయాను. ఇవాళ పొద్దున డోలీ ఎక్కుతుంటే ముక్త వచ్చి నా చెంగు సర్దింది. "క్షేమంగా వెళ్ళిరా వదినా, మగపిల్లాణ్ణి కనిరా," అంది. దాని చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. నేను సరే అన్నాను. నువ్వు కూడా అని అనాలని తోచలేదు.

జివాజీ వెళ్ళినప్పుడు కదా నాకు తెలిసింది. అన్న వాణ్ణి దూరంగా పిలిచి ఏదో చెప్పాడు. తర్వాత నాకు వినిపించేలా, "బోయీలు ఎక్కడున్నారో చూసిరా, పరిగెత్తకు, జారి పడతావు," అన్నాడు. అంత గట్టిగా చెప్పాల్సిన అవసరం ఏముంది. కొండని కమ్మిన వాన మంచు కాస్త తొలిగినప్పుడు తెర సందులోంచి చూశాను. వాగు కుడిచేతివైపు. వాడు ఎడమ దారి పట్టాడు. ఎడమవైపు వాగు లేదు, బోయీలు లేరు, పాదుషా దండు సర్దారు పెద్ద గుడారం ఉంది, దాని మీది పచ్చ జెండా తడిసి కర్రకి అంటుకుపోయి ఉంది. జివాజీ నడక నాకు తెలుసు, కుడి మోకాలు వంగదు, ప్రతి అడుగుకీ భుజం పైకి లేస్తుంది. ఆ భుజం మీద కూర్చుని జాతరలో రంగులరాట్నం చూశాను. ఆ భుజం లేచి పడుతూ లేచి పడుతూ ఎడమ దారిలో దిగిపోయింది, మంచు మళ్ళీ కమ్మింది. అప్పుడు చెవుల్లో నా మాట నాకే వినపడింది. గుడి వెనకనుంచి.

నీరు ముక్కులోకి పోయినట్టయింది. తర్వాత వేడి, చెవుల దగ్గర మొదలై మెడ, వీపు, అరికాళ్ళ దాకా. తప్పు చేస్తే భయం వేస్తుందని అనుకునేదాన్ని. ముందు సిగ్గే వేస్తుంది, భయానికి చోటు మిగల్చదు. ఇన్ని నెలల నుంచి ఆ ఫిరంగులు బురుజు రాయి ఒక్కటి కదపలేకపోయాయి. మామగారు తన గుర్రాన్ని కోయించి అందరికీ పంచారు కానీ మెత్తబడలేదు. ఆయన, నా పెనిమిటి, భుజానికి గుండు దెబ్బ తగిలినా బురుజు దిగలేదు. నేను ఒక్క చేపతో దింపేశాను. రేపు ఎవరైనా అడిగితే కోట ఎలా పోయిందని, కిల్లేదారు కోడలికి ఎండు చేప అన్నందుకు రోషం వచ్చిందట, అందుకని పోయింది, అంటారు. నవ్వుతారు కూడా. నవ్వాల్సిన సంగతే.

"అన్నా."

చెప్పులు ఆగాయి. వచ్చి తెర ఎత్తాడు. గడ్డం మీద వాన చుక్కలు.

"జివాజీ ఎక్కడికెళ్ళాడు?"

"బోయీలని చూసిరమ్మన్నానుగా."

"వాగు అటు కదా."

అన్న అటు తిరిగి గుర్రం ముట్టె తుడిచాడు, తడి లేని చోట కూడా తుడిచాడు.

"నువ్వు నాకోసమే వచ్చావా?" అన్నాను.

"నీకోసమే వచ్చాను. అమ్మ మీద ఒట్టు."

నమ్మాను. అదే అన్నిటికంటే అధ్వాన్నం. అబద్ధమాడి ఉంటే నాకు సుళువుగా ఉండేది. దొంగెత్తు వేసి వచ్చాడు, మోసపోయాను అనుకుని ఏడ్చుకునేదాన్ని. కానీ వాడు నాకోసమే వచ్చాడు. నాకిష్టమని బెల్లం పూర్ణం పోళీలు తెచ్చాడు, ఇదిగో నా పక్కన మూటలో ఉన్నాయి, నెయ్యి వాసన వస్తోంది. వట్టి చేతులతో నిలబడ్డవాడి దోసిట్లో నేనే ఆ దారి తెచ్చి పోశాను.

"వచ్చేటప్పుడు నాకోసం. ఇప్పుడో?"

"గోదూ, నువ్వు పురుడు పోసుకో. తక్కినవి మగవాళ్ళ సంగతులు." గొంతు తగ్గించాడు. "కింద ఏమవుతోందో నీకు తెలీదు. వాన పడ్డ దగ్గరనుంచి మా వాళ్ళు విరేచనాలు, జ్వరాలు, ఈగల్లా రాలుతున్నారు. గొయ్యి తవ్వేవాడు కూడా ఆ గోతిలోనే పడుతున్నాడు. పైన మీరు ఆకలికి పోతున్నారు. తొందరగా తేలిపోతే రెండువైపులా నలుగురు మిగులుతారు. బావ మీద చెయ్యి పడనివ్వను, నాదే పూచీ."

"ధాకూ మీద?"

"ధాకూ ఎవరు?"

నిజంగానే అడిగాడు. వాడికి గుర్తులేదు. దారి గుర్తుంది, దారిలో చేప మోసుకొచ్చినవాడి పేరు జారిపోయింది. నేను వాడి మొహంలోకి చూశాను. వాడు చూడలేదు. గాదె వెనక నన్ను పట్టుకున్నప్పుడల్లా నా మొహంలోకి చూసి పకపకా నవ్వేవాడు, ఇప్పుడు మారుతి వైపు చూస్తున్నాడు, మారుతి అటు తిరిగి ఉన్నాడు.

వెళ్ళిపోవచ్చు. ఎవరికి తెలుస్తుంది. ఈ మాట నేనూ, అన్నా, జివాజీ తప్ప ఎవరూ వినలేదు, బోయీలు దూరంగా ఉన్నారు. కోట పడితే ఎవరో కోలీ అమ్ముడుపోయాడంటారు, ధాకూనే అంటారేమో, చచ్చినవాడు కాదనలేడు కదా. నేను పుట్టింట్లో వేన్నీళ్ళు పోసుకుని, వాము తిని, నడుం కట్టు కట్టుకుని, బిడ్డకి సాంబ్రాణి పొగ వేయించుకుంటూ ఉంటాను. ఎవరైనా అత్తగారి మాటెత్తితే కళ్ళు తుడుచుకుంటాను. అందరూ అయ్యో అంటారు. ఆ అయ్యో తింటూ బతకొచ్చు. చేపలాగే, తలుపు వేసుకుని.

వాగు అవతల నుంచి కేక వినిపించింది. బోయీల కేక, దూరంగా, లయగా. దాటినట్టున్నారు. రాతి కింద మావాళ్ళు లేచారు. రాఘూ, ముందు దండె పట్టే ముసలి బోయీ, గొంగడి దులుపుకుంటూ వచ్చాడు. దారి పొడుగునా నన్ను నవ్విస్తూ దింపాడు. ఇద్దరు ఎక్కారన్నారు, ఒక్కరి బరువైనా తెలీడం లేదు తల్లీ, రెండోవాళ్ళు పైనే దిగిపోయారా అన్నాడు.

"వచ్చేస్తున్నారమ్మా మీవాళ్ళు. ఇక మా భుజాలకి సెలవు. మనవణ్ణి ఎత్తుకుని ఈ దారినే రావాలి, అప్పుడు కూడా నేనే మోస్తా, చావకపోతే."

"రాఘూ," అన్నాను. "డోలీ ఎత్తు. పైకి."

"పైకా?" వాడి మొహం మారింది. "నొప్పులా తల్లీ?"

అవునంటే అయిపోతుంది. నొప్పులంటే ఎవరూ ఏమీ అడగరు. పైకి వెళ్ళి కూడా తప్పుడు నొప్పులని పడుకోవచ్చు, ఆ మాట వేరే ఎలాగో చేరవెయ్యొచ్చు, కలొచ్చిందనో, అమ్మవారు చెప్పిందనో. ఎంత త్వరగా దొరుకుతున్నాయి దాక్కునే చోట్లు.

"నొప్పులు కాదు. మామగారితో ఒక మాట చెప్పాలి. ఎత్తు."

రాఘూ అన్న వైపు చూశాడు. అన్న చెయ్యి డోలీ దండె మీద ఉంది. ఆపాలంటే ఆపగలడు. బోయీల చేతుల్లో కర్రలే ఉన్నాయి. మారుతి దగ్గర చెయ్యెత్తకూడదు సరే, కానీ సొంత చెల్లెల్ని ఆపడం చెయ్యెత్తడం కిందికి రాదని ఎవరైనా అంటారు.

"పిచ్చిదానా, పైకెళ్ళి ఏం తింటావు?" అన్నాడు.

"ఏమీ లేదు అక్కడ తినడానికి. నువ్వన్నదే నిజం. ఉప్పు కూడా లేదు."

మొదట అడిగినప్పుడే చెప్పాల్సింది ఇదే. తలవంపులు ఎటూ తప్పలేదు. అప్పుడే పడి ఉంటే అందులో ధాకూ ఉండేవాడు కాదు.

"వెళ్తే మళ్ళీ మన గడప తొక్కవు గోదూ. నేను పిలవలేను. నన్ను పిలవనివ్వరు."

"తెలుసు."

పోళీల మూట తీసి బయట పెట్టబోయాను. "అది ఉంచుకో," అన్నాడు. ఉంచుకోలేదు అని చెప్పగలిగితే బాగుండేది. ఉంచుకున్నాను. ముక్త గుర్తొచ్చింది, అందుకు. అన్న దండె మీద చెయ్యి తీయలేదు ఇంకా. అప్పుడు, నా వైపు చూడకుండానే, గుర్రంతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"జివాజీ ముసలాడు. మెల్లగా నడుస్తాడు."

చెయ్యి తీసేశాడు.

అది దయో, ఓదార్పో, ఉన్న సంగతి చెప్పాడో. ఇకముందు అడిగే వీలు ఉండదు. రాఘూ హూం అన్నాడు, వెనకవాళ్ళు హూం అన్నారు, నేల నా కింద నుంచి జారింది. తెర సందులోంచి అన్న చెప్పులు కనిపించాయి, తర్వాత గుర్రం కాళ్ళు, తర్వాత మంచు.

దిగేటప్పుడు బోయీలు పాట పాడారు. ఎక్కేటప్పుడు పాడటం లేదు, ఊపిరి సరిపోదు. నా బరువు లేదన్నారు కానీ ఎక్కేటప్పుడు అందరూ బరువే. రాఘూ వీపు మీద చెమటా వానా కలిసి కారుతోంది. వాడు ఏమీ అడగలేదు. అడిగితే బాగుండు, ముందు వీడితో చెప్పి చూసుకునేదాన్ని, ఆ వాక్యం నోట్లోంచి ఎలా వస్తుందో తెలిసేది. అత్తయ్యా, నేను చేపల సంగతి చెప్పేశాను. కాదు. చేపల సంగతి కాదు. అత్తయ్యా, అన్న నన్ను మాటల్లో పెట్టి. పెట్టలేదు. అత్తయ్యా, గుడి వెనక దారి వాళ్ళకి తెలిసిపోయింది. తెలిసిపోయింది అంటే ఎవరో చెప్పినట్టు. గాలి చెప్పినట్టు. నేను చెప్పాను. నేను. ఆ రెండక్షరాల దగ్గరే నాలుక మడత పడుతోంది. ధాకూ కూడా అక్కడే ఉంటాడేమో, దిడ్డి దగ్గర, నేను వెళ్ళేటప్పుడు అక్కడే నిలబడి దణ్ణం పెట్టాడు. వాడి మోకాళ్ళ వైపు చూడకుండా చెప్పాలి. కాదు, చూస్తూనే చెప్పాలి.

పైన మంచు చిరిగింది. బురుజు కనిపించింది, బురుజు మీద ఎర్ర చీర. అత్తగారు. డోలీ వాగు దాటేదాకా ఇక్కడే నిలబడతానంది, దాటడం కనపడకపోయినా కదలకుండా నిలబడింది. ఇప్పుడు డోలీ తిరిగి రావడం చూసింది. ఆ ఎర్రచీర కదిలింది, మాయమైంది. దిడ్డి వైపు పరిగెడుతోంది. ఎందుకు పరిగెడుతోందో నాకు తెలుసు. కోడలు సగం దారినుంచి తిరిగొచ్చిందంటే నొప్పులో, దిష్టో, గండమో అనుకుంటుంది. దారిలో ఇంట్లో దూరి రొట్టె ముక్క పట్టుకొస్తుంది. యుద్ధం మొదలైన దగ్గరనుంచి అంతే, నా పెనిమిటి బురుజు దిగి ఇంటికొచ్చిన ప్రతిసారీ గుమ్మంలో ఆపి, తన వంతు రాగిరొట్టెలోంచి ముక్క తుంచి, తల చుట్టూ తిప్పి, నీళ్ళతో పాటు దూరంగా విసిరేస్తుంది. కోట అంతా ఆకలితో ఉన్నా ఆ ముక్క మాత్రం విసరకుండా ఉండదు. అది పడ్డ చోటు వంక ముక్త చూడటం నేను చూశాను. దిష్టి తీసిన ముక్క ఎవరూ ముట్టుకోరు. మరుసటి పొద్దుటికి అక్కడ ఉండేది కాదు, అంతే.

ఇవాళ కూడా తన పూట తిండిలోంచే తుంచుతుంది. దిడ్డి తలుపు తెరుచుకుంటుంది, ఎదురుగా నిలబడి ఉంటుంది, వగరుస్తూ, పిడికిట్లో రొట్టె ముక్క పట్టుకుని, "ఏమైందే తల్లీ," అంటూ ఆ చెయ్యి నా తల చుట్టూ తిప్పడం మొదలుపెడుతుంది.

విసిరేలోపల చెప్పాలి. ఆ ముక్క ఆవిడ చేతిలో ఉండగానే చెప్పాలి.

"రాఘూ, ఇంకొంచెం తొందరగా," అన్నాను.

దిడ్డి గొళ్ళెం తీస్తున్న చప్పుడు వినిపించింది.